మతం పాటించని అభ్యర్థి ఎమ్మెల్యేగా నిలబడితే మద్దతుదారులు ఏ పని ఎప్పుడు చేయాలి

హన్మకొండలో నామినేషన్ల వారం వచ్చిందంటే ఒక దృశ్యం కంటబడక మానదు. అభ్యర్థి పొద్దున్నే భద్రకాళి గుడికో, సొంతూరిలోని ఇలవేల్పు దగ్గరికో వెళ్లి, నామినేషన్ పత్రాలను దేవత పాదాల దగ్గర పెట్టించి, పసుపు కుంకుమలంటిన ఆ కాగితాలతోనే రిటర్నింగ్ అధికారి కార్యాలయానికి ఊరేగింపుగా బయలుదేరతాడు. కాజీపేట దర్గాలో చాదర్ కప్పి, ఫాతిమానగర్ చర్చి దగ్గర ఆగి మరీ వెళ్లేవారూ ఉంటారు. మీరు బలపరచదలచుకున్న మనిషి వీటిలో ఏదీ చేయరు. ‘పూజ ఏడ చేసిన్రు సార్?’ అని విలేకరి మొదటి రోజే అడుగుతాడు. ఆ ప్రశ్నకు మెట్ల మీద నిలబడి జవాబు వెతుక్కునే పరిస్థితి రాకూడదంటే పనులు కనీసం ఆరు నెలల ముందే మొదలుకావాలి.

లెక్క ఒకటి ముందుగా మనసులో పెట్టుకోవాలి. 2011 జనగణనలో తమ మతం ఏమిటో చెప్పనివారు దేశ జనాభాలో 0.24 శాతం మాత్రమే. ఆ లెక్కన మీ నియోజకవర్గంలో ఉండేవారందరూ ఓటు వేసినా ఎమ్మెల్యే కావడానికి సరిపోరు. మతం పాటించని అభ్యర్థి నమ్మేవారి ఓట్లతోనే గెలవాలి. ఈ సంగతి మరచిన మద్దతుదారుడు ఎంత నిజాయితీపరుడైనా అభ్యర్థికి నష్టమే చేస్తాడు.

అభ్యర్థితో ఒక సాయంత్రం కూర్చోండి

కరపత్రాల గురించి, వాహనాల గురించి ఆలోచించక ముందే నలుగురైదుగురు కలిసి అభ్యర్థితో తీరికగా మాట్లాడాలి. మతం పాటించనివారంతా ఒకే తీరువారు కారు. దేవుడు లేడని నిశ్చయంగా చెప్పే నాస్తికులున్నారు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోని హేతువాదులున్నారు. మార్క్సిస్టు రాజకీయాలలో పెరిగి, మతాన్ని ఎవరి ఇంటి సంగతి వారిదిగా పక్కన పెట్టినవారున్నారు. ఏ సిద్ధాంతంతోనూ పని లేకుండా, గుడికి పోవాలని ఎన్నడూ అనిపించక పోనివారూ ఉన్నారు. అభ్యర్థి తన గురించి ఏ మాట వాడుకుంటారో మద్దతుదారులు కూడా ఆ మాటనే వాడాలి. ఆయన ‘నేను మతం పాటించను’ అని ఊరుకుంటే, మీరు వాట్సాప్‌లో ‘నాస్తిక వీరుడు’ అని రాసి ఆయన మెడకు కొత్త బోర్డు తగిలించకూడదు.

ఆ సాయంత్రం అడగవలసిన ప్రశ్నలు కొంచెం ఇబ్బందికరంగానే ఉంటాయి. ఇంట్లో ఆడవాళ్లు బతుకమ్మ పేరుస్తారా? బిడ్డ పెళ్లి ఏ పద్ధతిలో చేశారు? ఎదురింటివారు వ్రతానికి పిలిస్తే పోతారా, పోయి ప్రసాదం తీసుకుంటారా? పదేళ్ల కింద ఫేస్‌బుక్‌లో ఏ దేవుడి మీద ఏం రాశారు? అన్నిటికంటే చివరి ప్రశ్నే ముఖ్యం. అటువంటి రాత ఏదైనా ఉంటే దాన్ని గుట్టుగా తుడిచేయడం వల్ల లాభం లేదు, ఎందుకంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఫొటో తీసి దాచుకొనే ఉంటారు. అది ఎవరినైనా నొప్పించేదైతే, పోటీ ప్రకటించక ముందే, ఎవరూ అడగక ముందే అభ్యర్థి స్వయంగా విచారం తెలపడం మంచిది. భార్య పూజ చేస్తుందనే విషయాన్ని దాచవలసిన అవసరమూ లేదు. ఒక ఇంట్లో నమ్మేవారు, నమ్మనివారు కలిసి బతకడం మన పల్లెలకు తెలియని సంగతేమీ కాదు.

చట్టం విషయంలో అభ్యర్థికి ధైర్యం చెప్పండి. రాజ్యాంగం 25వ అధికరణం హామీ ఇచ్చే స్వేచ్ఛల్లో అంతరాత్మ స్వేచ్ఛ మొదటిది. శాసనసభకు పోటీ చేయడానికి భారత పౌరసత్వం, 25 ఏళ్ల వయసు, రాష్ట్రంలోని ఏదో ఒక నియోజకవర్గంలో ఓటు ఉంటే చాలు. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలతో దాఖలు చేసే ఫారం 26 అఫిడవిట్‌లో మతం గడే లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల రాజ్యాంగాలలో దేవుణ్ణి నమ్మనివారు పదవికి తగరనే వాక్యాలు నేటికీ అచ్చులో మిగిలే ఉన్నాయి, 1961లో అక్కడి సుప్రీంకోర్టు అటువంటి షరతు చెల్లదని తీర్పు ఇచ్చిన తర్వాత కూడా. మనకు ఆ బెడద మొదటి నుంచీ లేదు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడికి చోటు కల్పించాలని కూడా ఆదేశించింది.

అయితే ఒక చోట మాత్రం జాగ్రత్త అవసరం. వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్, మానకొండూర్, చొప్పదండి, ధర్మపురి వంటి ఎస్సీ రిజర్వుడు స్థానాలలో పోటీ చేసేవారికి 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వర్తిస్తుంది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులస్థులు కారని ఆ ఉత్తర్వు చెబుతుంది. ఏ మతాన్నీ అవలంబించకపోవడం వేరే మతాన్ని అవలంబించడం కాదు గదా అని మీకూ నాకూ అనిపించవచ్చు. కానీ నామినేషన్ల పరిశీలన రోజున ప్రత్యర్థి వకీలు అభ్యంతరం లేవనెత్తితే అక్కడికక్కడ జవాబు కావాలి. కనుక కుల ధ్రువపత్రాన్ని, అభ్యర్థి చేసిన పాత ప్రకటనలను ఎన్నికల చట్టం తెలిసిన న్యాయవాదికి ముందుగానే చూపించాలి. ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ వంటి ఎస్టీ స్థానాలకు ఈ మత షరతు లేదు.

మీరు ముందుకు రావచ్చా, రాకూడదా

వరంగల్ వైపు హేతువాద సంఘాలలో, సైన్సు ప్రచార సంఘాలలో పని చేసేవారిలో ప్రభుత్వ ఉపాధ్యాయులు ఎక్కువ. అభ్యర్థికి అందరికంటే ముందు గుర్తుకొచ్చేది కూడా వాళ్లే. కానీ సర్వీసులో ఉన్న ఉపాధ్యాయుడు, ఉద్యోగి ప్రచారంలో పాల్గొంటే ప్రవర్తన నియమావళి కింద చర్యకు గురవుతాడు. ఎన్నికల ఏజెంటుగానో, పోలింగ్ ఏజెంటుగానో, కౌంటింగ్ ఏజెంటుగానో కూర్చుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం కింద మూడు నెలల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. ‘నేను ఊరికే వాట్సాప్‌లో పెట్టిన’ అనే మాట విచారణలో పనికిరాదు. సర్వీసులో ఉన్న మిత్రుణ్ణి ఓటు వేయమని మాత్రం అడిగి వదిలేయండి. పింఛనుదారులు, ప్రైవేటు ఉద్యోగులు, న్యాయవాదులు, రైతులు, విద్యార్థులు నిస్సంకోచంగా పని చేయవచ్చు. నా అనుభవంలో, పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు ఒక్కరు మండలంలో నడిస్తే నలభై మంది యువకులు బైకులు తిప్పినదానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది, ఎందుకంటే ప్రతి గల్లీలోనూ ఆయన దగ్గర చదువుకున్నవారు ఎవరో ఒకరు ఉంటారు.

సంఘం పేరు కూడా వాడవద్దు. సొసైటీ ఖాతాలోంచి ఒక్క రూపాయి తీయవద్దు, సంఘం బ్యానరు కట్టవద్దు. ముఖ్యంగా ఎన్నికల కాలంలో నిప్పుల మీద నడిచి చూపడం, గాలిలోంచి విభూతి తీసి గుట్టు విప్పడం వంటి కార్యక్రమాలను వాయిదా వేయండి. అవి మంచివే. కానీ ఆ రోజులలో ఎవరు చేసినా అభ్యర్థి చేయించినట్టే లెక్కగడతారు.

శాసనసభా, మండలా

అందరి చూపూ శాసనసభలోని 119 స్థానాల మీదే ఉంటుంది గాని, మతం పాటించని స్వతంత్రులకు శాసన మండలి పట్టభద్రుల స్థానాలు కొంత అనువైనవని నా అభిప్రాయం. వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానం, కరీంనగర్–నిజామాబాద్–ఆదిలాబాద్–మెదక్ పట్టభద్రుల స్థానం ఈ ప్రాంతానికి సంబంధించినవి. ఇక్కడ ఓటరు 1, 2, 3 అని ప్రాధాన్యక్రమం రాస్తాడు కాబట్టి, తన పార్టీ అభ్యర్థికి మొదటి ఓటు వేసే మనిషి దగ్గర కూడా రెండో ప్రాధాన్యం అడగవచ్చు. హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానం నుంచి ప్రొఫెసర్ నాగేశ్వర్ స్వతంత్రుడిగా గెలిచిన ఉదాహరణ మన ముందు ఉంది. ఇబ్బందులూ ఉన్నాయి. అభ్యర్థికి 30 ఏళ్లు నిండాలి, ఉమ్మడి జిల్లాలు మూడు నాలుగు తిరగాలి, ఖర్చుకు చట్టపరమైన పరిమితి లేదు కాబట్టి డబ్బున్నవారు కుమ్మరిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, పట్టభద్రుల జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటు వేసినవారు కూడా ఫారం 18 మళ్లీ నింపాలి. మద్దతుదారుల అసలు పని ప్రచారం కాదు, నమోదు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటిన ప్రతి పరిచయస్థుడి చేత ఆ ఫారం నింపించగలిగితే సగం పని అయినట్టే.

శాసనసభ విషయంలోనూ జాబితాతోనే మొదలుపెట్టండి. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం 8 ఇవ్వాలి. 18 ఏళ్లు నిండడానికి ఇప్పుడు ఏడాదిలో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలను లెక్కలోకి తీసుకుంటారు. హన్మకొండ హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల గదులలో ఉండే పిల్లలకు ఓటు సొంతూరిలోనే ఉంటుంది. వారిని ఇక్కడికి మార్పించాలా, పోలింగ్ నాటికి ఊరికి పంపాలా అనేది అభ్యర్థి ఏ స్థానంలో నిలబడుతున్నారనే దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

నామినేషన్, ప్రతిజ్ఞ

గుర్తింపు పొందిన పార్టీ బీ-ఫారం ఇస్తే ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రుడికైతే పదిమంది కావాలి, ఆ పదిమందీ అదే నియోజకవర్గపు ఓటర్లై ఉండాలి. డిపాజిట్టు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. నాలుగు సెట్ల వరకు పత్రాలు వేయవచ్చు, వేయండి కూడా, ఒకదానిలో సంతకం తప్పినా మరొకటి నిలుస్తుంది. ప్రతిపాదకులుగా సంతకం చేసే ఆ పదిమందిని ఏరడంలోనే మీ తెలివి కనబడాలి. పదిమందీ హేతువాద మిత్రులే అయితే అది మిత్రమండలి జాబితా అవుతుంది. ఏనుమాముల మార్కెట్లో హమాలీ, బీడీలు చుట్టే అక్క, భజన మండలిలో తాళం వేసే పెద్దమనిషి, రోజూ నమాజుకు పోయే మెకానిక్కు ఆ జాబితాలో ఉంటే, అభ్యర్థి ఎవరికి కావలసినవారో వేరే చెప్పనక్కర్లేదు.

నామినేషన్ వేసిన తర్వాత, పరిశీలన తేదీకి ముందు రోజు లోపల, రిటర్నింగ్ అధికారి ఎదుట రాజ్యాంగం పట్ల విధేయత ప్రకటించాలి. ఇది మరిచిపోతే నామినేషన్ తిరస్కరిస్తారు. మూడో షెడ్యూలులోని ఆ పాఠంలో రెండు దారులున్నాయి. ఒకటి దేవుని పేరిట ప్రమాణం, రెండోది దేవుని ప్రస్తావన లేని ప్రతిజ్ఞ. రెండింటికీ చట్టం ముందు ఒకటే విలువ. మీ అభ్యర్థి రెండోదాన్ని ఎంచుకుంటే, అధికారి చేతికి ఇచ్చే కాగితంలో మొదటి దాన్ని ముందుగానే కొట్టివేసి ఉంచండి. అలవాటు కొద్దీ గుమస్తా ‘దైవసాక్షిగా’ అని చదివిస్తే, అభ్యర్థి తడబడితే, ఆ పది సెకన్ల వీడియో సాయంత్రానికల్లా నియోజకవర్గమంతా తిరుగుతుంది.

డబ్బు సంగతి

పెద్ద రాష్ట్రాలలో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 2022లో 28 లక్షల నుంచి 40 లక్షలకు పెంచారు. మీ అభ్యర్థి దాని దరిదాపులకు కూడా చేరకపోవచ్చు. అయినా లెక్కల బాధ అందరికీ సమానమే. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకోసమే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒకే మనిషి నుంచి 10,000 రూపాయలకు మించి నగదుగా తీసుకోకూడదు. మీరు అభిమానంతో కారు ఉచితంగా ఇచ్చినా, దాని అద్దె ఎంతవుతుందో ఆ మొత్తం అభ్యర్థి ఖర్చులో చేరుతుంది.

అభిమానులు తెలియక చేసే తప్పు ఒకటుంది. అభ్యర్థి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా వేరెవరైనా అతని గెలుపు కోసం సభ పెట్టినా, ప్రకటన వేసినా, కరపత్రం పంచినా, భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద అది నేరం. ‘నా జేబులోంచి నేను ఖర్చు పెట్టుకున్న, నీకేం బాధ’ అనే వాదన చెల్లదు. అందువల్ల పని మొదలుపెట్టక ముందే ఎవరు ఏ పనికి ఎంత ఖర్చు పెడతారో రాసి, అభ్యర్థి సంతకం తీసుకోండి.

విదేశాలలోని పిల్లల గురించి విడిగా చెప్పాలి. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు అమెరికా, గల్ఫ్ సంబంధం లేని ఇల్లు తక్కువ. ఎన్నికల అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోవడాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పూర్తిగా నిషేధించింది. దుబాయిలో పనిచేస్తున్న మేనల్లుడి చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. డల్లాస్‌లో అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నంత మాత్రాన పంపకూడదు. అమెరికాలో మతరహిత అభ్యర్థులను బలపరచడానికి ప్రత్యేక రాజకీయ నిధి సంఘాలే ఉన్నాయి కదా, వారిని అడుగుదామని ఉత్సాహపడే మిత్రుడు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆ ఆలోచనను అక్కడే ఆపేయండి.

కరపత్రం మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలు తప్పనిసరి. ఒకసారి నేనే దగ్గరుండి వేయించిన రెండు వేల కరపత్రాలలో ప్రెస్సు పేరు పడలేదు. ప్రూఫులో అక్షరదోషాలన్నీ దిద్దాను, ఇది మాత్రం చూడలేదు. తనిఖీ బృందం కట్టలతో సహా తీసుకుపోయింది. మళ్లీ అచ్చు వేయించేసరికి ప్రచారంలో మూడు రోజులు గడిచిపోయాయి. స్వతంత్రుడికి ఆ మూడు రోజుల విలువ ఎంతో 2023 షెడ్యూలు చూస్తే తెలుస్తుంది. ఉపసంహరణ గడువు నవంబరు 15న ముగిసి అప్పుడు గుర్తులు ఖరారయ్యాయి, 28న ప్రచారం ఆగింది, 30న పోలింగ్. గుర్తు చేతిలో ఉన్నది 13 రోజులే.

గడప దగ్గర మాట

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పని మీద పెట్టండి. నమ్మకం లేకపోవడాన్ని దాచకూడదు, దాన్నే జెండాగా పట్టుకుని తిరగనూ కూడదు. ఈ రెండింటి మధ్య నడవడం చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే మన మిత్రులలో చాలామందికి వాదనలో గెలవడం అలవాటు, ఓటు అడగడం అలవాటు లేదు.

ముందు చట్టం ఏమంటుందో చూడండి. అభ్యర్థి మతం చూసి ఓటు వేయమనడం, ప్రత్యర్థి మతం చూసి వేయవద్దనడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపుగా వచ్చిన మెజారిటీతో, ఓటరు మతాన్ని చూపి అడగడం కూడా దీని కిందికే వస్తుందని తేల్చింది. అభ్యర్థి సమ్మతితో మద్దతుదారుడు అన్న మాటకైనా ఎన్నిక రద్దు కావచ్చు. కనుక ‘ఆయన పూజలు చేస్తాడు, వేయకండి, మావాడు చేయడు, వేయండి’ అనే ధోరణిని పూర్తిగా వదిలేయండి. ‘వాళ్లు దేవుడి పేరు చెప్పుకొని గెలుస్తున్నారు’ అని కసితో మాట్లాడటమూ మనకు ఎదురు తిరుగుతుంది. దేవతలను, ప్రవక్తలను తూలనాడితే న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద కేసు వేరే.

మరి ఏం చెప్పాలి? అభ్యర్థి చేసిన పని చెప్పాలి. నర్సంపేట ప్రజలు మద్దికాయల ఓంకార్‌ను 1972 నుంచి 1989 వరకు ఐదుసార్లు శాసనసభకు పంపారు. మార్క్సిస్టు పార్టీ నుంచి బయటికి వచ్చాక కూడా ఆయన గెలుస్తూనే వచ్చారు. ఆయనకు ఓటు వేసినవారిలో అత్యధికులు ఇంట్లో దీపం పెట్టేవారే, సమ్మక్కకు బంగారం, అంటే బెల్లం, ఎత్తేవారే. భూమి తగాదాలో, కూలి తగాదాలో తమవైపు ఎవరు నిలబడ్డారో చూసి వేశారు. మీ అభ్యర్థి పోడు పట్టాల కోసం తిరిగారా, ఎంజీఎం ఆసుపత్రిలో మంచాలు దొరకనివారికి తోడుగా నిలబడ్డారా, గల్ఫ్‌లో చనిపోయినవారి శవాలను ఇంటికి తెప్పించారా, పత్తి తూకంలో మోసాన్ని నిలదీశారా? ఇవేవీ చేయకుండా కేవలం సరైన అభిప్రాయాలు కలిగి ఉన్నారంటే, ఈ ఎన్నికలు వదిలి వచ్చే ఎన్నికలకు నిలబడమని చెప్పడమే మీరు చేయగల మేలు.

ఇంటింటికీ పోయేటప్పుడు నమ్మేవారిని ముందు నడవనివ్వండి. ‘ఆయన దేవుణ్ణి మొక్కడంట గదా?’ అని ఒక అవ్వ అడిగితే, హేతువాది ఇచ్చే జవాబుకూ, పక్కన బొట్టు పెట్టుకుని నిలబడ్డ ఆమె కోడలి వరుస మనిషి ఇచ్చే జవాబుకూ పోలికే లేదు. ‘మొక్కడు పెద్దమ్మా, నేను మొక్కుత. మా ఆయన దవాఖానల పడ్డప్పుడు రాత్రంత కూసున్నది గీయనే’ అని ఆమె అంటే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది. అభ్యర్థి ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే, ‘లేదమ్మా, నాకు అలవాటు లేదు, మీరు మొక్కుకునేదానికి మాత్రం ఎవరూ అడ్డం రాకుండా చూస్త’ అన్న ఒక్క వాక్యం చాలు. రెండో వాక్యంలోకి పోతే ఉపన్యాసమవుతుంది.

హారతి సంగతి. వాడలోకి అడుగుపెట్టగానే ఆడబిడ్డలు మంగళహారతి పళ్లెంతో ఎదురొస్తారు, బొట్టు పెడతారు. కొందరు మిత్రులు చేయి అడ్డం పెట్టాలంటారు. నేను ఒప్పుకోను. ఎదురొచ్చిన మనిషి చేసేది మర్యాద. దాన్ని చేతులు జోడించి స్వీకరించడం వల్ల ఎవరి సిద్ధాంతమూ చెడిపోదు. అయితే కెమెరా కోసం అభ్యర్థి తానే గుడిలోకి పోయి గంట కొట్టడం వేరు, అది అబద్ధం, జనం కనిపెడతారు కూడా. పళ్లెంలో నోటు మాత్రం వేయకండి, అది ఓటుకు డబ్బిచ్చినట్టని ఫిర్యాదు వస్తుంది. ఆ సంగతి ముందే ఆ వాడ పెద్దమనిషికి చెప్పి ఉంచితే అవమానం అనిపించదు.

చందాలూ ఇలాంటివే. బొడ్రాయి పండుగకు, గుడికి రంగులకు, మసీదు ప్రహరీకి, చర్చి మైకు సెట్టుకు ఎన్నికల కాలంలో అందరు అభ్యర్థుల దగ్గరికీ మనుషులు వస్తారు. ఓట్ల కోసం ఇచ్చేది ఏదైనా చట్టం దృష్టిలో లంచమే. మీ అభ్యర్థి అందరికీ ఒకే జవాబు చెప్పాలి. ఒక గుడికి కాదని చెప్పి ఒక చర్చికి ఇస్తే ఇక కోలుకోలేరు. మేడారం జాతర గురించి ములుగు, భూపాలపల్లి వైపు తప్పక అడుగుతారు. రెండేళ్లకొకసారి లక్షలాది మంది వచ్చే చోట నీళ్లు, మరుగుదొడ్లు, బస్సులు, వైద్య శిబిరాలు చూడటం ఎమ్మెల్యే ఉద్యోగంలో భాగమని, తాను కొబ్బరికాయ కొట్టకపోయినా ఆ పని తప్పించుకోనని అభ్యర్థి స్పష్టంగా చెప్పాలి.

అభ్యర్థి మేనిఫెస్టోలో హేతువాదానికి సంబంధించిన అంశం ఒక్కటి ఉంటే చాలు. మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి నేటికీ వస్తున్నాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాగతాలను అరికట్టడానికి ప్రత్యేక చట్టాలు చేశాయి. అటువంటి చట్టం తెలంగాణకూ కావాలని అభ్యర్థి కోరవచ్చు. కానీ దాన్ని మూఢనమ్మకాల మీద యుద్ధం అని కాకుండా, ఊరి చివర ఒంటరిగా బతికే ముసలి దంపతులకు రక్షణ అని చెప్పండి.

ప్రత్యర్థులు ‘దేవుడంటే గిట్టనోడు’ అని ప్రచారం చేస్తే మూడు పనులు మాత్రమే చేయాలి. ఆధారాన్ని తేదీ, సమయంతో భద్రపరచాలి. అబద్ధమైతే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నమ్మేవారిచేత ఒక్కసారి జవాబు చెప్పించి మళ్లీ పనిలో పడాలి. రోజూ జవాబు చెబుతూ కూర్చుంటే పదమూడు రోజులూ దేవుడి గురించే మాట్లాడినవారవుతారు.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. డబ్బు పంచేవారు కొన్ని చోట్ల దేవుడి పటం మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకుంటారు. దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) కింద అనుచిత ప్రభావం, అంటే అదీ అవినీతి చర్యే. కంటబడితే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ ఫిర్యాదుల యాప్‌లో వీడియో పంపండి. కానీ ఒట్టు వేసిన తల్లితో ‘ఒట్టు లేదు గిట్టు లేదు, ఏం కాదు’ అని హేతువాది వాదించకూడదు. అదే ఊరి పూజారో, పెద్దమనిషో ‘బలవంతపు ఒట్టు ఒట్టు కాదు బిడ్డా’ అంటే ఆమె మనసు తేలికవుతుంది.

పోలింగ్, ఆ తర్వాత

ఒక నియోజకవర్గంలో రెండు మూడు వందల పోలింగ్ కేంద్రాలుంటాయి. అన్నిటికీ ఏజెంట్లు దొరకరు. బలం ఉన్న యాభై కేంద్రాలలోనైనా ఫారం 10 మీద నియమించిన మనిషి తెల్లవారుజామున మాక్ పోల్ (యంత్రాన్ని పరీక్షించే నమూనా పోలింగ్) సమయానికే లోపల ఉండాలి, ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే ఫారం 17సీ నకలు తీసుకునే బయటికి రావాలి. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ప్రచారం నేరం. ముసలివారిని మీ ఆటోలలో ఎక్కించి తేవద్దు, ఓటర్లను ఉచితంగా తరలించడం చట్టవిరుద్ధం. 85 ఏళ్లు దాటినవారికి, నలభై శాతం వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్ద ఓటు కోసం నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజులలోపే ఫారం 12డీ ఇప్పించండి.

చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్టు తిరిగి వస్తుంది. గెలిచినా ఓడినా, ఫలితం ప్రకటించిన నాటి నుంచి 30 రోజుల లోపల జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క అప్పగించాలి. ఓడినవారు ఇంటికి పోయి పడుకుంటారు, లెక్క రాసే కుర్రాడు వేరే పనిలో పడతాడు, గడువు దాటిపోతుంది. దానివల్ల మూడేళ్ల వరకు పోటీకి అనర్హత పడవచ్చు. అందుకని ఫలితాల మరునాడే రసీదుల సంచీ, బ్యాంకు స్టేట్‌మెంటు, అభ్యర్థి సంతకం చేసిన అనుమతి కాగితాలు పట్టుకొని లెక్కలు రాసే మనిషి ఇంటికి వెళ్లి, పూర్తయ్యేదాకా అక్కడే కూర్చోండి. అప్పగించాక అధికారి ఇచ్చే రసీదుకు రెండు జిరాక్సులు తీయించి, ఒకటి అభ్యర్థికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.